రెండు మగ్గాల జాగలో గది

భూమిని పీటగా వేసి, ఆకాశాన్ని కప్పుగా పరచి, లోకమంతటినీ ఒక్క ఇల్లుగా కట్టిన శివయ్యకు ముందుగా నమస్కారం. ఆ ఇంటికి మెట్లు లేవు. నడవగలిగినవారూ నడవలేనివారూ ఒకే గడపలోంచి లోపలికి వస్తారు. మార్కండేయ స్వామిని యముని పాశం నుంచి విడిపించిన ఆ చేయి, మగ్గం ఆడే ఇళ్లమీదా, మగ్గం ఆగిపోయిన ఇళ్లమీదా ఒకే తీరుగా ఉండుగాక. నేను రాయబోయేది చిన్న సంగతి. చిన్న సంగతులు కూడా ఆయన పేరుతోనే మొదలుపెట్టాలని మా భజన మండలిలో పెద్దవాళ్లు నేర్పారు.

మాది సోలాపూర్‌లో భవాని పేట్. తాతల కాలంలో తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ మగ్గాలు వేసుకున్న పద్మశాలి కుటుంబం. మా ఇల్లు కింద మగ్గాలకు, పైన మనుషులకు అన్నట్టు కట్టిన ఇల్లు. వీధివైపు ముందు గది, అందులో కర్రతో చేసిన దేవుని అర. దాని వెనుక మగ్గాల హాలు. పక్కనుంచి పైకి నిటారుగా మెట్లు. పైన వంట, పడక, అన్నీ. నేను కోడలిగా వచ్చినప్పుడు కింద తువ్వాళ్ల మగ్గాలు ఆడుతుంటే పైన గిన్నెలు కదిలేవి. నీళ్లచెంబు బండ మీద పెడితే కొంతసేపటికి తనంతట తానే అంచుకు జరిగేది. కొన్నేళ్ల క్రితం మా ఆయన మగ్గాలు అమ్మేసి ఒక పెద్ద కార్ఖానాలో జాబర్‌గా, అంటే మగ్గాలు బాగుచేసే పనికి, చేరాడు. హాలు ఖాళీ అయింది. ఇంట్లో గిన్నెలు కదలడం మానేశాయి.

అత్తమ్మ మాత్రం ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ కదిలే మనిషి. బీడీలు చుట్టి పిల్లలను పెంచింది. తునికాకు కత్తిరిస్తూనే పాట ఎత్తుకునేది. మా మండలిలో ఏ పాటకైనా మొదటి చరణం ఆమెదే. పురాణంలో ఏ కథ ఎక్కడ ఆగిందో పుస్తకం తెరవకుండా చెప్పేది. నాకు వచ్చిన నాలుగు మంచి మాటలు ఆమె దగ్గర నేర్చుకున్నవే.

ఉగాది పోయిన తర్వాత ఆమె మోకాళ్లు పూర్తిగా మొండికేశాయి. మెట్లు దిగడం ఆగిపోయింది. గోడ పట్టుకుని పైన గదిలోనే నాలుగడుగులు. మా ఇంటి వంతు వచ్చిన సోమవారం సాయంత్రాలు ఆడవాళ్లంతా కింద ముందు గదిలో కూర్చుని భజన చేస్తే, ఆమె పైన మంచం మీద కూర్చుని తాళం వేసేది. గొంతు కిందికి వినిపించేది కానీ మా తాళం పైకి సరిగా అందక, ఆమె ఎప్పుడూ అరచరణం వెనకబడేది. మేం ఆగేవాళ్లం. ఆమె అందుకున్నాక మళ్లీ ఎత్తుకునేవాళ్లం. మా ఎదురింటి వదిన ఒకసారి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "మీ అత్త పైనుంచి పాడుతుంటే ఆకాశవాణి లెక్కున్నది పో!"

ఒకరోజు అన్నం పెడుతుంటే అత్తమ్మ కంచంలోకి చూస్తూ అన్నది. "శ్రావణం వస్తున్నది. మన ఇంట్ల భజన వంతు వస్తది. నన్ను కిందికి దింపురి బిడ్డా. మల్ల ఎక్కియ్యకుంటె మాయె. కిందనే ఉంట."

ఆమె ఎన్నడూ ఏదీ అడిగే మనిషి కాదు. చీర కొంటే రంగు కూడా అడగదు. ఆ మాట విని పక్కనే తింటున్న మా ఆయన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

మరునాడే మేస్త్రీ వచ్చాడు. ఖాళీ హాలులో నిలబడి మా ఆయన చేతులు చాచి చూపించాడు. ఇక్కడ ఒక పలచని అడ్డుగోడ, లోపల అత్తమ్మ మంచం. వెనకమూల మగ్గాల రోజుల్లో చేతులు కడుక్కునే మోరీ ఉంది, దాన్ని కుర్చీలా కూర్చునే సండాసుతో బాత్రూం చేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, హాలుకూ ముందు గదికీ మధ్యనున్న గోడను వెడల్పుగా పగలగొట్టాలి. అప్పుడు అత్తమ్మ మంచం మీద నుంచే దేవుని అర కనిపిస్తుంది, భజనలో మనుషులూ కనిపిస్తారు. గోడ పగలకపోతే ఆమె పైన ఉన్నట్టే కిందా ఒంటరిగానే ఉంటుంది.

"గింతేనా?" అన్నాడు మేస్త్రీ. "సోమారం మొదలువెడత."

"దీనికి మహాపాలిక పర్వానగి కావాల్నా?" అని నేను అడిగాను. మా దగ్గర కార్పొరేషన్‌ను మహాపాలిక అని, అనుమతిని పర్వానగి అనే అంటాం.

మేస్త్రీ నన్ను వింతగా చూశాడు. "అక్కా, నీ ఇల్లు, నీ గోడ. లోపల పగలగొడితె ఎవలికి ఎరుక?"

ఆ మాటే నాకు నచ్చలేదు. ఎవరికీ తెలియదు కాబట్టి చేయవచ్చు అనేది దేవుని అర ఎదుట అనదగిన మాట కాదు. పైగా రేపు ఎవరో వచ్చి అది తప్పు అని గది తీయిస్తే, అత్తమ్మను మళ్లీ పైకి ఎక్కించాలి. ఒకసారి కిందికి వచ్చిన మనిషిని మళ్లీ ఆ మెట్ల మీదుగా పైకి మోయడం నా చేత కాదు.

పైకి వెళ్లి అత్తమ్మకు నా మాట చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది.

"అడిగితె వద్దంటరు. అడగకుంటె ఎవలంటరు?"

"అత్తమ్మా, సాక్షాత్తు విష్ణుమూర్తే వామనుడై వచ్చి మూడడుగుల జాగ అడిగి తీసుకోలేదా? అంతటోడు అడిగిండు, మనం అడగొద్దా?"

"అడిగి ఏం జేసిండు? ఇచ్చినోన్నే పాతాళానికి తొక్కిండు!" అన్నది అత్తమ్మ. తర్వాత తన మాటకు తనే లెంపలేసుకుని, "తప్పాయె తండ్రీ," అని పైకి చూసి, నావైపు తిరిగింది. "పోరి. అడుగురి. కని శ్రావణం దాటొద్దు."

అలా నేనూ మా ఆయనా మా పేటకు సంబంధించిన మహాపాలిక ఆఫీసుకు వెళ్లాం. కట్టడాల సంగతి చూసే బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇంజనీరు. మా చిన్నమ్మాయి వయసు ఉండవచ్చు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో సగం తాగిన చాయ్. బాబాయ్, పిన్ని అన్నట్టు మమ్మల్ని కాకా, కాకూ అంటూ మరాఠీలోనే మర్యాదగా కూర్చోమంది.

"ఏం పని చేయాలనుకుంటున్నారు కాకా?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "కింద ఒక గది చేయాలి మేడం. మా అమ్మకు."

"ఎంత జాగాలో?"

"రెండు మగ్గాల జాగా."

అమ్మాయి కలం ఆగింది. "మగ్గాలా? అంటే కార్ఖానానా?"

"కార్ఖానా కాదు, ఇల్లే. నాలుగు మగ్గాల ఇల్లు."

"మరి మిగతా రెండు మగ్గాల జాగాలో?"

"అది అట్లనే ఉంటుంది."

నేను పక్కన కూర్చుని అన్నిటికీ తలూపుతున్నాను. ఆయన చెప్పినదాంట్లో నాకూ ఏ తప్పూ కనిపించలేదు. మా వీధుల్లో ఇంటిని అలాగే కొలుస్తాం. ఫలానావారిది రెండు మగ్గాల ఇల్లు, ఫలానావారిది ఆరు మగ్గాలది అంటే చాలు, ఇల్లెంతో, వంటగది ఎక్కడ ఉంటుందో, చుట్టాలు వస్తే ఎందరు పడుకోవచ్చో అందరికీ అర్థమైపోతుంది. మగ్గాలు పోయినా ఆ కొలత పోలేదు.

అమ్మాయి మాత్రం తనకు వినబడ్డదే రాసుకుంది. పని చేసే చోటును నివాసంగా మారుస్తున్నారు, మిగతా సగంలో మగ్గాలు ఆడుతూనే ఉంటాయి, ఆడుతున్న మగ్గాల పక్కన నడవలేని ముసలావిడను పడుకోబెట్టబోతున్నారు. ఆమె ముఖం గంభీరమైంది.

"కాకా, ఇది చిన్న పని కాదు. కార్ఖానా జాగాను ఇల్లుగా మార్చాలంటే నక్షా గీయించాలి, పర్వానగి తీసుకోవాలి. నెలలు పట్టవచ్చు. ఒక మాట అంటాను, ఏమనుకోకండి. మగ్గాల మోతలో మీ అమ్మకు, ఆ ఆజీకి నిద్రెలా పడుతుంది?"

"మా అమ్మకు అలవాటే మేడం," అన్నాడు మా ఆయన వినయంగా. పాత రోజులు తలుచుకుని అన్నాడు. దాంతో మా కథ పూర్తిగా చెడిపోయింది.

రిక్షా ఎక్కి ఇంటికి బయలుదేరాం. నేను లోలోపల స్వామితో పోట్లాడుతున్నాను. దొంగతనంగా చేయకూడదని నువ్వు నేర్పావు, నేర్పినట్టే వెళ్లి అడిగాను, అడిగితే ఇదా నీ జవాబు? శ్రావణం ముందర నెలలంటే ఎలా? భక్తి ఉన్నవాళ్లకు దేవునితో పోట్లాడే అధికారం కూడా ఉంటుందని నా నమ్మకం.

అత్తమ్మ మంచం మీద మా కోసమే ఎదురుచూస్తూ ఉంది. "ఏమన్నరు?"

మా ఆయన చెప్పాడు. కార్ఖానా అన్నారని, నెలలు పడుతుందని, మగ్గాల మోతలో నిద్ర పట్టదన్నారని.

అత్తమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "మగ్గాలేడున్నయి రా?"

"ఏ మగ్గాలు?"

"గదే అడుగుతున్న. నువ్వే అమ్మితివి గద. ఆ పిల్లకు ఏం జెప్పినవు?"

"రెండు మగ్గాల జాగ అని చెప్పిన."

"ఓరి నా కొడకా! ఆ పిల్లకు మన లెక్క ఏమెరుక? మగ్గాలున్నయనుకున్నది!" అని అత్తమ్మ తొడ చరిచి నవ్వింది. అంత నొప్పిలోనూ నవ్వింది. "ఇంక నువ్వేం జేసినవే, నోట్ల బెల్లం పెట్టుకున్నవా?" అని నన్నూ వదల్లేదు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకు సిగ్గేసింది, ఆ వెంటనే గుండె తేలికయింది. స్వామి కాదనలేదు. మేమే ఆయన గడపలో నిలబడి మరో ఇంటి సంగతి చెప్పి వచ్చాం.

మరునాడు పొద్దున్నే టేపు తీసుకుని హాలును అడుగుల్లో కొలిచాం. మా ఆయన కొలుస్తూ కూడా, "ఇక్కడికి ఒక మగ్గం," అంటూనే ఉన్నాడు. మళ్లీ ఆఫీసుకు వెళ్లాం. ఈసారి నేను మాట్లాడాను. మగ్గాలు లేవని, ఉన్నది ఖాళీ హాలని, మేం అలా కొలుస్తామని చెప్పాను. ఆ అమ్మాయి ముందు అర్థంకానట్టు చూసింది. అర్థమయ్యాక చాయ్ గ్లాసు బల్లమీద పెట్టి మరీ నవ్వింది.

"రాత్రి ఇంట్లో అమ్మకు కూడా చెప్పాను కాకూ, ఇట్లాంటి కొడుకు ఉంటాడా అని," అన్నది. "సరే, నేను వచ్చి చూస్తాను. చూడకుండా చెప్పను."

చెప్పినట్టే వచ్చింది. హాలులో నేలమీద మగ్గాలు బిగించిన బోల్టుల గుంతలు ఇంకా ఉన్నాయి. వాటిని చూసి, "ఇవేనా ఆ మగ్గాలు?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి పని మొదలుపెట్టింది. అడ్డుగోడ ఎక్కడో అడిగింది. మోరీ దగ్గర వంగి నీళ్లు ఎటు పోతాయో చూసింది. హాలుకూ ముందు గదికీ మధ్య గోడ దగ్గరికి వచ్చి పిడికిలితో కొట్టింది. ఇంకోచోట కొట్టింది. బయటికి వెళ్లి పైకి చూసి, మళ్లీ లోపలికి వచ్చింది.

ఆ సమయానికి పైనుంచి గొంతు వినిపించింది. "ఎవలు వచ్చిండ్రు? ఆ పిల్లేనా? పైకి రమ్మను!"

అమ్మాయి మెట్లెక్కింది. ఎక్కుతూ సగంలో ఆగి, గోడ పట్టుకుని, కిందికి ఒకసారి చూసింది. ఆ మెట్లు ఎంత నిటారో వయసులో ఉన్నవాళ్లకు కూడా అక్కడే తెలుస్తుంది.

అత్తమ్మ ఆమెను మంచం మీద పక్కనే కూర్చోబెట్టుకుంది. తనకు వచ్చిన మరాఠీ, రాని మరాఠీ కలిపి మాట్లాడింది. "బాళా, తుఝీ ఆయీ కుఠే? లగన్ ఝాలా కా? కాలేదా? మంచిదే, తొందరేంది!" తల్లి ఎక్కడ, పెళ్లి అయిందా అన్న ప్రశ్నలకు అమ్మాయి జవాబు చెప్పేలోపే జవాబులు తానే చెప్పుకుంది. చేతిలో పుట్నాల లడ్డు పెట్టింది. తర్వాత అడిగింది. "నన్ను కిందికి దింపనిస్తవా, లేదా? గది ఒక్కటి చెప్పు."

అమ్మాయి నావైపు చూస్తూ మెల్లగా చెప్పింది, నేను తెలుగులో అత్తమ్మకు చెప్పాను. లోపల పలచని అడ్డు కట్టుకోవచ్చు, నేల సరిచేసుకోవచ్చు, సున్నం వేసుకోవచ్చు. మీ ఇంటికి వాటికి పర్వానగి అక్కరలేదు. మోరీ ఉన్నచోటే, ఇంటి గోడల లోపలే బాత్రూం చేసుకోవచ్చు. కానీ వెనక సందులోకి అడుగు కూడా జరగకూడదు, నీళ్ల గొట్టం కలిపే ముందు డ్రైనేజీ వాళ్లకు చెప్పాలి. నడిమి గోడను మాత్రం ముట్టుకోకూడదు.

"ఆజీ, మీరిప్పుడు కూర్చున్న గదిని మోస్తున్నది ఆ గోడే," అన్నది. "దాన్ని పగలగొట్టాలంటే లెక్క కట్టే ఇంజనీరు చూడాలి, కాగితం ఇవ్వాలి, మా దగ్గర పర్వానగి తీసుకోవాలి. అది ఈ శ్రావణానికి కాదు. అడగకుండా పగలగొట్టి ఉంటే..." అని ఆగిపోయింది. మంచం కింది నేలవైపు చూసింది.

సోమవారం మొదలుపెడతానన్న మేస్త్రీ మాట నాకు గుర్తొచ్చింది. ఆ గోడ మీద మంచం, మంచం మీద అత్తమ్మ. లోలోపల స్వామికి సాష్టాంగపడ్డాను. రిక్షాలో పోట్లాడినందుకు కాదు. పోట్లాడనిచ్చి కూడా మా చెయ్యి వదలనందుకు.

మా ఆయన ఇదంతా రాసి ఇమ్మని అడిగాడు. అర్జీ పెట్టండి, జవాబు వస్తుందని చెప్పింది. కొన్నాళ్లకు ఆ కాగితం వచ్చింది కూడా. ఆ రోజు వెళ్లేటప్పుడు ఇంకొక మాట అన్నది. "మీ ఇంటికి చెప్పింది మీ ఇంటికే. వీధిలో అందరికీ ఇదే అని చెప్పకండి. ఎవరి ఇల్లు వాళ్లు అడగాలి."

గది దొరికింది. గోడ మిగిలింది. ఆ సాయంత్రం అత్తమ్మ తనే ఆ మాట ఎత్తింది. "కిందికైతే వస్త. గోడ అవుతల భజన, ఇవుతల నేను. గంతే గద. నడువనియ్యి," అన్నది. ఆ 'నడువనియ్యి' నాకు ముల్లులా గుచ్చుకుంది.

నేను ముందు గదిలో దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మనిషిని దేవుని దగ్గరికి తీసుకురావాలని గోడ పగలగొట్టబోయాం. పురాణాల్లో నేను విన్న కథలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. పిలిస్తే స్తంభంలోంచి వచ్చాడు. మొసలి పట్టిన ఏనుగు కోసం చెరువు గట్టుకు వచ్చాడు. ఒక్క దేవుడైనా, నేను ఇక్కడే ఉంటాను, గోడ పగలగొట్టుకుని నువ్వే రా అన్నాడా?

పైకి వెళ్లి చెప్పాను. "అత్తమ్మా, దేవుని అరను హాలుకు మారుద్దాం. భజన అక్కడనే. అడ్డుగోడ సగమే కడదాం, మీ మంచం కాళ్లవైపు తెరిచి ఉంచుదాం."

ఆమె ఉలిక్కిపడింది. "అది మీ మామ పెట్టిన జాగ. మగ్గాలుండే కాడ దేవున్ని పెడతరా? నూనె, దూది, మడ్డి!"

"మామ అన్నం తిన్నది ఆ మగ్గాల మీదనే గదా."

అత్తమ్మ తన చేతివేళ్లను చూసుకుంది. ఆకు కత్తిరించి కత్తిరించి గట్టిపడ్డ వేళ్లు. "ఆయన్ను అడుగు," అన్నది చివరికి. "ఆ పిల్లను అడిగితిరి గద, ఈయన్ను అడగరా?"

అడిగాం. మాకు తెలిసిన పద్ధతిలోనే, మంచిరోజు చూసి, స్వామికి పసుపు కుంకుమ పెట్టి, జరగడానికి సెలవు ఇమ్మని కొబ్బరికాయ కొట్టాం. కాయ చక్కగా పగిలింది. మా ఆయన అరను భుజాన ఎత్తుకుని హాలులోకి నడిచాడు. వీధిలో సగం మంది చూడటానికి వచ్చారు. ఎదురింటి వదిన, "దేవుడు ఇల్లు మారుతుండు, పాలు పొంగియ్యాల్నా?" అని అడిగింది. పొంగించాం.

పనులు శ్రావణంలోనే అయ్యాయి, కానీ సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. మా వంతు సోమవారం అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మా ఆయన, వెనుక ఎదురింటి అన్న పట్టుకుని దింపారు. మెట్టు మెట్టుకూ తిట్టింది. "మెల్లగ రా! చద్దర్ల మూట అనుకుంటున్నవా? గోడకు ఒరుసుకోనియ్యకు, కొత్త చీర!" కింద నేల తగలగానే తిట్లు ఆగిపోయాయి.

మంచం మీద కూర్చోబెట్టాం. ఆడవాళ్లంతా హాలు నిండా చాపల మీద కూర్చున్నారు. తాళాలు సిద్ధం. మొదటి చరణం ఆమెదే కాబట్టి అందరూ ఆమెవైపు చూశారు. ఆమె పాడలేదు. నేను దగ్గరికి వెళ్లి, "అత్తమ్మా, ఎత్తుకోరి," అన్నాను.

ఆమె ఒక్కొక్కరినే చూస్తోంది. "నువ్వు బక్కపడ్డవేందే?" అన్నది ఒకరితో. "నీకు వెంట్రుకలు తెల్లగైనయి," అన్నది ఇంకొకరితో. తర్వాత నావైపు తిరిగి చెప్పింది.

"మీరే పాడురి బిడ్డా. పైనుంచి పాటలు వినవడ్డయి గని మొకాలు కనవడలే. ఈ పొద్దు జర మొకాలు చూస్త."

మేమే పాడాం. ఆమె దేవుణ్ణి కూడా ఎక్కువసేపు చూడలేదు. మనుషులనే చూసింది. ఆయనేమీ అనుకుని ఉండడు.

ఇది చదివే అన్నలారా, అక్కలారా, ఈ పాత పేటల్లో నిటారు మెట్ల పైన కూర్చుని కింది మాటలు వింటూ ఉన్న తల్లులు ఇంకా ఎందరో ఉన్నారు. ఒక్క నిమిషం నాతోపాటు చేతులు జోడించండి. తండ్రీ, వాళ్లను కిందికి దించే చేతులకు బలం ఇవ్వు. అడగడానికి వెళ్లేవాళ్లకు సరైన మాట ఇవ్వు. బల్ల అవతల కూర్చున్నవాళ్లకు వచ్చి చూసే ఓపిక ఇవ్వు. ఏ తల్లికీ తనవాళ్ల ముఖాలు దూరం చేయకు.